గోదావరిఖనిలో నల్లబడ్డ పసుపు చీర

ఈ పత్రిక వారికి నేను రాయడం ఇది మొదటిసారి కాదు. మా వాగులో కలుస్తున్న రంగునీళ్ల గురించి రాశాను. జవాబు లేదు. మోదుగ పువ్వుతో నూలుకు పసుపు ఎలా ఎక్కించవచ్చో వివరంగా రాసి పంపాను. అదీ అచ్చు కాలేదు. ఆ నెల సంచికలో ఎవరో ఊటీ వెళ్లి పడవ ఎక్కిన సంగతి మాత్రం ఫొటోలతో సహా వేశారు. నేను మరిచిపోలేదు. యాత్ర అయితేనే వేస్తారని అర్థమైంది కాబట్టి ఒక యాత్ర చేసి వచ్చి రాస్తున్నాను. ఊటీ కాదు, గోదావరిఖని. చూడదగిన స్థలాలు ఏమిటని అడగకండి. నేను చూడటానికి వెళ్లింది ఒక కుళాయిని.

మాది జమ్మికుంట స్టేషన్‌కు ఎడ్లబండి దూరంలో ఉన్న నేతగాళ్ల ఊరు. మా సంఘంలో నూలుకు రంగు వేసే పని నాది. కరక్కాయ నీళ్లలో నూలు నానబెట్టి, పటిక పట్టించి, మోదుగ పూల కషాయంలో ఉడికిస్తే పసుపు వస్తుంది. అదే పటిక మీద చిరివేరు పడితే ఎరుపు. ఉడికిన పిప్పి దిబ్బకు పోతుంది, ఆ నీళ్లు పెరట్లో పారబోసినా మొక్క చావదు. మిగతా రంగులవాళ్లు కొన్నేళ్లుగా బజారులో దొరికే పాకెట్టు రసాయన రంగులకు మారారు. వాళ్ల పని పూటలో తెములుతుంది, నాది వారం పడుతుంది. వాళ్ల నీళ్లు వాగులోకి పోతాయి. ఈ రోజు ఏ రంగు వేశారన్నది దిగువ ఊరి వాళ్లు బర్రెల మూతులు చూసి చెప్పగలరు. ఈ మాట సంఘం కార్యదర్శికి చెబితే, "నీ పూలు, నీ కాయలు అమ్ముడుపోయినన్ని రోజులు నువ్వు కానియ్యి, మా జోలికి రాకు" అన్నాడు. అమ్ముడుపోతూనే ఉన్నాయి. గోదావరిఖనిలో బట్టల దుకాణం ఉన్న గఫార్ సాబు నా పసుపు చీరలు పెళ్లిళ్ల కాలానికి అడిగి మరీ తెప్పించుకునేవాడు.

ఈ ఫాల్గుణంలో ఆ గఫార్ సాబే ఒక చీరను లారీలో తిప్పి పంపాడు. విప్పి చూస్తే పసుపు ఉండాల్సినదంతా మసి రంగుకు తిరిగి ఉంది. ఎర్ర అంచు వంకాయ రంగు అయింది. లారీ డ్రైవరు నోట ఒక కబురు కూడా పంపాడు. ఆ చీర కట్టుకుని పెళ్లాడిన పిల్లను అత్తగారు తల్లిగారింటికి తోలేశారట. మొదటి ఉతుకుకే పసుపు నల్లబడింది కాబట్టి పిల్ల చెయ్యి మంచిది కాదని అన్నారట. వచ్చి చూసుకొమ్మన్నాడు.

కార్యదర్శి ఆ చీరను బల్ల మీద పరిచి పదిమందికి చూపించాడు. ఆయన ఎదుట కుర్చీ ఖాళీగా ఉన్నా నన్ను కూర్చోమనలేదు. "పెండ్లిచీరను పీనుగుచీర చేసినవు నర్సయ్యా. ఇది తేలకుంటె నీ పొయ్యి ఆర్పుడే. అందరితోటి పాకెట్టు రంగే ఎయ్యి" అన్నాడు.

పసుపు ఎందుకు నల్లబడుతుందో రంగు పని తెలిసిన ఎవరికైనా తెలుసు. కరక్కాయకు ఇనుము తగిలితే నలుపే. మేము కావాలని నలుపు వేసేటప్పుడు తుప్పు పట్టిన ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో మురగబెట్టి వాడతాం. నా గంగాళం రాగిది. కాబట్టి ఇనుము ఉన్నది వాళ్ల నీళ్లలో. ఇంత సులువైన మాట కోసం ఒక పిల్ల పుట్టింట్లో కూర్చోవడం ఏమిటి, వెళ్లి చూపించి వద్దామనుకుని బయల్దేరాను. నల్లబడ్డ చీర, గజం కొత్త పసుపు గుడ్డ, ఒక ఇత్తడి గిన్నె సంచిలో పెట్టుకున్నాను.

జమ్మికుంటలో పొద్దున్నే వచ్చే ప్యాసింజరు ఎక్కాను. మీలో ఎవరైనా వెళ్లదలిస్తే ఇంజను వైపు కిటికీ దగ్గర కూర్చోకండి. ఓదెల దాటేసరికి నా ధోవతి మీద బొగ్గు నలుసులు అంటుకున్నాయి. ఎదురుగా మంచిర్యాలలో కొడుకు దగ్గరకు వెళ్తున్న ఒక అవ్వ, ఒళ్లో జొన్నరొట్టెల మూట పెట్టుకుని కూర్చుంది. సంచిలోంచి నా పసుపు గుడ్డ అంచు కనబడి, "ఏడికి కాక గీ పచ్చబట్ట?" అంది. గోదావరిఖనికి అన్నాను.

"బొగ్గు బాయి కాడికి పచ్చబట్ట తీసుకపోవుడేంది? కాకికి సున్నమేసినట్టు."

ఆ పక్క గనిని బాయి అంటారు, పసుపును మేమంతా పచ్చ అనే అంటాం. అవ్వ నవ్వుతూనే ఒక రొట్టె, పచ్చిమిరప తొక్కు నా చేతిలో పెట్టింది కాబట్టి ఆ మాట పట్టించుకోలేదు. పట్టించుకోలేదు కానీ గుర్తుంది.

పెద్దపల్లిలో బండి చాలాసేపు ఆగింది. రామగుండంలో దిగేసరికి తొమ్మిది దాటింది. స్టేషన్ బయట జీపులు ఉంటాయి. గోదావరిఖని దాకా మనిషికి ఇంత అని అడుగుతారు, నిండేదాకా కదలరు. ముందు సీటులో కూర్చున్న నన్ను, బూట్లు వేసుకున్న ఎవరో వచ్చాడని డ్రైవరు వెనక్కి పంపాడు. నేను ఇచ్చింది కూడా అదే కిరాయి. దారి పొడవునా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు, ఎర్రమట్టి తవ్విన గుంతలు, వరుసగా కట్టిన కార్మికుల క్వార్టర్లు. క్వార్టర్ల ముందు తాళ్ల మీద ఆరేసిన బట్టలనే నేను చూస్తూ వచ్చాను. పసుపు బట్టలు చాలా కనిపించాయి. ఒక్కటీ నల్లగా లేదు. అప్పుడే నాకు మొదటి అనుమానం వచ్చింది.

గఫార్ సాబు దుకాణం బజారు మూల మీద ఉంది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, చాయ్ తెప్పించాడు. నాకు తెలిసిన వాళ్లలో ఇంత మర్యాద తెలిసినవాడు ఇతనొక్కడే. తాళ్ల మీద చూసిన పసుపు బట్టల సంగతి అతన్ని అడిగాను.

"గా ఆరేసినయన్నీ పాకెట్టు రంగు నర్సయ్యా. మన ఊరి నీళ్లల్ల గది మారుతలేదు. నీది మారుతాంది. నేనేం చెప్పాలె గిరాకికి?"

"నా చీరలన్నీ మారుతున్నాయా?"

"గదే తెల్వదు. కొందరివి మారినయ్. కొందరివి బంగారం లెక్కనే ఉన్నయ్. ఒకే లైనుల రెండు ఇండ్లల్ల రెండు తీర్లున్నయ్. నా దిమాఖు పనిజేస్తలేదు."

అంతటితో ఆగితే బాగుండేది. నేను తెచ్చిన నల్ల చీరను వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "ఒక మాట చెప్పాల్నా, గీ కలర్ సుత మంచిగనే ఉన్నది. గిట్లనే నల్లగ నేసి పంపు, మైల కనవడది, బాయి పనోళ్లు జల్దీ కొంటరు" అన్నాడు. పసుపు వేయడానికి నేను వారం పాటు పడే పాట్లు తెలిసి కూడా అన్నాడు. చాయ్ తాగానే గానీ దాని రుచి నాకు తెలియలేదు.

పిల్ల అత్తగారి పేరు మల్లవ్వ. గఫార్ సాబు చెప్పిన గుర్తుల మీద క్వార్టర్లలో ఇల్లు కనుక్కుని మధ్యాహ్నం వెళ్లాను. అరవై ఏళ్లు ఉంటాయి, నిటారుగా ఉంది. చీర వేసినవాడిని నేనే అని చెప్పగానే తిట్లు వస్తాయనుకున్నాను. ఆమె చాప పరిచి, నీళ్లు ఇచ్చి, అసలు సంగతి ఓపిగ్గా చెప్పింది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. పెళ్లి పసుపు చీరను పదహారు రోజుల పండుగ దాకా తడపరు. ఆ తర్వాత కొత్త కోడలే మొదటిసారి ఉతికి ఆరేస్తుంది. ఆరాక కొంగు చివర జానెడు చింపి మగడికి దస్తీగా, అంటే రుమాలుగా, ఇస్తుంది. పెళ్లి సెలవు అయిపోయి మళ్లీ డ్యూటీకి వెళ్లేవాడు దాన్ని తలకు కట్టుకుని బాయిలోకి దిగుతాడు.

"నేను ఇచ్చిన దస్తీ మా ఆయిన పాతగయ్యేదాంక కట్టుకున్నడు," అంది మల్లవ్వ. "బాయిల పైకప్పు కూలిన రోజు సుత కట్టుకొనే ఉన్నడు. పక్కపొంటి పనిజేసినోళ్లు పోయిండ్రు, గీయిన నడుసుకుంట ఇంటికచ్చిండు. మంచంల పోయిండు గాని బాయిల పోలే. ఇప్పుడు నా కొడుక్కు నల్లగుడ్డ కట్టి ఎట్ల దింపాలె, నువ్వే చెప్పు."

కొడుకు పేరు ఓదెలు. కోడలు సరోజన, కమాన్‌పూర్ పిల్ల. చీర నల్లబడ్డ రోజు నుంచి మల్లవ్వ కొడుకును షిఫ్టుకు పోనివ్వలేదు. నాగాలు పడుతుంటే పెద్దమనుషులు కూర్చుని, పిల్ల కొన్నాళ్లు తల్లిగారింట్లో ఉంటే ఓదెలు డ్యూటీకి పోవచ్చని తేల్చారు. కొన్నాళ్లు అంటే ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేదు.

నేను ఇనుము సంగతి, కరక్కాయ సంగతి వివరించాను. తప్పు పిల్లది కాదు, నీళ్లది అన్నాను. మల్లవ్వ అంతా విని, "గట్లయితే చూపియ్యి" అంది. నాకు కావలసిందీ అదే. చుట్టుపక్కల ఆడవాళ్లను నేనే పిలవమన్నాను. అదే నేను చేసిన పొరపాటు.

వాకిట్లో కుళాయి ఉంది. ఇత్తడి గిన్నె నిండా నీళ్లు పట్టి, పసుపు గుడ్డ చించి అందులో ముంచి, అందరికీ కనబడేలా గడప మీద పెట్టాను. వాళ్లంతా వంగి చూశారు. నేను చూశాను. గుడ్డ తడిసి ఇంకా నిగనిగలాడింది. కాసేపు ఆగాం. ఒకామె పొయ్యి మీద కూర చూసి వచ్చింది. గుడ్డ పచ్చగానే ఉంది. నీళ్లు మార్చాను, పిండాను, మళ్లీ ముంచాను. పచ్చగానే ఉంది.

"కాకా, నీ సాక్షే నీ మీద తిరగవడ్డది గదనే" అని పక్కింటి ఆమె నవ్వింది. మిగతావాళ్లూ నవ్వారు. నవ్వనిది మల్లవ్వ ఒక్కతే. గిన్నెలోంచి గుడ్డ తీసి, మెల్లగా పిండి, నా చేతికి ఇచ్చింది.

"నీళ్లు మంచియే. నీ రంగు మంచిదే. నువ్వే చూపిస్తివి. ఇగ మిగిలిందెవలు?"

తడి గుడ్డ మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆ మాట అంతకుముందు ఆ వాడలో ఒక అనుమానంగా మాత్రమే ఉంది. నేను ఎక్కడి నుంచో రైలెక్కి వచ్చి, పదిమందిని పిలిచి, దాన్ని రుజువు చేశాను. నా రంగు మీది మచ్చ పోయింది. ఆ మచ్చ తిన్నగా వెళ్లి పిల్ల మీద పడింది.

మొదటి షిఫ్టు నుంచి ఓదెలు అప్పుడే వస్తున్నాడు. ముఖం కడుక్కోకుండానే నాతో సందు చివరిదాకా నడిచాడు. పెళ్లాన్ని తోలేసినవాడి మీద నాకు మంచి అభిప్రాయం లేదు, ఆ మాటే అన్నాను.

"నాకు గీ దస్తీల మీద నమ్మకం లేదు కాక," అన్నాడు. "కాని బాయిల రోజు ఏదో ఒకటైతది. రేపు నాకేమన్న అయితె పేరు ఎవలి మీదికి పోతది? ఆమె మీదికే. ఆమె ఈడ లేకుంటె ఆమెను ఎవ్వలు అనరు. గందుకే తోలిన. అమ్మకు భయపడి కాదు."

"మరి ఎప్పుడు తీసుకొస్తావు?"

"కారణం గిదీ అని గట్టిగ ఎవలన్న చెప్పాలె. అమ్మ మనసుకు ఎక్కాలె. నువ్వైతె కాదు కాక, ఏమనుకోకు."

ఏమనుకోకు అన్నవాళ్లందరి మాటలూ నాకు గుర్తుంటాయి. కానీ అతని గొంతు చూస్తే తిరిగి అనాలనిపించలేదు.

ఆ పూట బస్టాండు దగ్గరి లాడ్జిలో దిగాను. మంచం, దుప్పటి, పంచుకునే స్నానాల గది. దుప్పటి మీరే తెచ్చుకోవడం మంచిది. హోటల్లో అన్నం బాగుంది, పప్పులో ఉప్పు ఎక్కువ. వడ్డించేవాడు నా తర్వాత వచ్చిన వాళ్లకు ముందు పెరుగు వేశాడు.

మరునాడు తెల్లవారగానే స్నానానికి వెళ్లి, ఊరికే చూద్దామని డ్రమ్ములో నీళ్లు ముంచి గుడ్డ ముక్క తడిపాను. నేను సబ్బు అందుకునేలోపు అది బూడిద రంగుకు తిరిగింది. ఇంకాసేపటికి సంచిలోని చీర ఎలా ఉందో అలాగే అయింది. సంతోషంతో తడి ఒంటితోనే బయటకు వచ్చాను. అప్పుడు చూశాను, ఆ డ్రమ్ము ఇనుపది. అడుగున తుప్పు రేకులు లేస్తున్నాయి. నీళ్ల వల్లనా, డ్రమ్ము వల్లనా?

వెంటనే వీధిలోకి వెళ్లి రోడ్డు పక్క కుళాయి కింద గిన్నె పెట్టాను. నీళ్లు పట్టినప్పుడు తేటగా ఉన్నాయి. చూస్తుండగానే కొంచెం ఎర్రగా మారాయి. అందులో ముంచిన గుడ్డ ఒక పక్క మసకబారింది, ఒక పక్క పచ్చగా ఉంది. పక్కనే చాయ్ బండి పెట్టుకున్నతన్ని ఇవి ఏ నీళ్లని అడిగాను.

"బాయిలకెంచి మోటరు పెట్టి ఎత్తిపోసే నీళ్లే. బట్టలకు గిన్నెలకు ఇడుస్తరు. తాగెటియి గోదారి నీళ్లు, అవి ఏరే."

"ఏ వేళకు ఏవి వస్తాయి?"

"గదెవలికెరుక కాక. తెల్లారంగ బాయి నీళ్లు అంటరు. గోదారి కాడ మోటరు చెడిపోతె ఎప్పుడంటె అప్పుడు ఇవే."

అక్కడే చాయ్ తాగుతున్న ఇంకొకతను, కాదు, రోజు మార్చి రోజు అన్నాడు. మూడో అతను, మా లైనుకు బాయి నీళ్లే రావు అన్నాడు. ముగ్గురూ ఆ ఊరివాళ్లే. నేను ఆ ముక్క పట్టుకుని మల్లవ్వ ఇంటికి దాదాపు పరుగెత్తాను. వాకిట్లో కుళాయి తిప్పితే గాలి తప్ప ఏమీ రాలేదు. మసకబారిన గుడ్డ ఆమె ముందు పెట్టాను.

"నిన్న పచ్చగ చూపిస్తివి. ఇయ్యాల నల్లగ తెస్తివి. రేపు ఎర్రగ తెస్తవు," అంది మల్లవ్వ. "నువ్వు అమ్ముకునేటోనివి. నీ మీద నాకు కోపం లేదు కాని నీ మాట నేనెట్ల పట్టాలె? నీళ్లు ఇడిసే దొరనో, గంత సదువుకున్నోళ్లో నా వాకిట్ల నిలవడి నీళ్లదే తప్పు అంటె, గీ గడియల బండి కట్టి కోడల్ని తెచ్చుకుంట. నాకు మాత్రం ఇంట్ల దీపం పెట్టేటిది ఒద్దా?"

ఈ మాట నాకు న్యాయంగా తోచింది. నీళ్ల వ్యవహారం చూసే ఆఫీసు ఎక్కడో కనుక్కుని వెళ్లాను. అక్కడి పేరు రాయను, ఎందుకంటే నాకు కావలసింది జవాబు, తగాదా కాదు. గుమాస్తా కుర్రవాడు కాదు, నా ఈడువాడే. అంతా విన్నాడు.

"నీళ్లల్ల ఇనుము ఉన్నదా అని అడుగుతాన్నవు. బొగ్గు బాయిల బొగ్గుంటది గాని ఇనుమేడిది కాక?" అన్నాడు. గదిలో ఉన్నవాళ్లు నవ్వారు. "మా ఇంట్ల గిదే నీళ్లు. మేమేం నల్లవడ్డమా? అంటె, ముందునుంచి నలుపే అనుకో."

మళ్లీ నవ్వారు. దొర కోసం మధ్యాహ్నం దాకా బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆయన వచ్చాడు, నా పక్క నుంచే లోపలికి వెళ్లాడు, ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడాడు, జీపెక్కి వెళ్లిపోయాడు. నేను లేచి నమస్కారం పెట్టాను. చూశాడో లేదో చెప్పలేను. గుమాస్తా, "చూస్తరు తియ్యి, మళ్ల రా" అన్నాడు. ఎప్పుడు రమ్మంటారంటే బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు.

అక్కడి నుంచి ఇంటికి వెళ్లిపోవచ్చు. కానీ పిల్లను చూడకుండా వెళ్లడానికి మనసొప్పలేదు. మూడింటి బస్సుకు కమాన్‌పూర్ వెళ్లాను. బస్సులో నిలబడే ప్రయాణం, మిరప బస్తాల ఘాటుకు అందరమూ తుమ్ముతూనే ఉన్నాం. సరోజన తండ్రి రైతు. ఇల్లు చెరువు దారిలో ఉంది. నేను వెళ్లేసరికి ఆ పిల్ల తల్లితో కలిసి ఎండు మిరపకాయల తొడిమెలు తీస్తోంది. నేనెవరో చెప్పాను. తల్లి లోపలికి వెళ్లిపోయింది. పిల్ల మాత్రం కదలలేదు, పని ఆపలేదు.

సంచిలోంచి చీర తీశాను. సరోజన దాన్ని ముట్టుకోలేదు, చూసి మళ్లీ మిరపకాయ అందుకుంది. నిన్నటి సంగతి, ఇవాళ్టి సంగతి అంతా చెప్పాను. వాళ్ల బావి నీళ్లలోనూ ఒక ముక్క ముంచాను. పచ్చగానే ఉంది. చీర ఉతికిన రోజు ఏం జరిగిందో వరుసగా చెప్పమన్నాను.

"ఏమున్నది కాక. అందరుతికినట్టే ఉతికిన. ముందునాడు డ్రమ్ముల నానవెట్టిన. తెల్లారి తీస్తె గిట్లున్నది."

"ఏ డ్రమ్ము?"

"వాకిట్ల ఉంటది గద. ఆయిన బాయి బట్టలు నానవెడుతం. ఆ రోజు ఖాళీగ ఉండె. ఇనుపదే."

ఆ డ్రమ్మును నేను చూశాను. కుళాయి దగ్గరికి వెళ్లడానికి దాన్ని చుట్టి వెళ్లాను. నీళ్లు పట్టేటప్పుడు నా మోచెయ్యి దానికి తగిలింది కూడా. ఇత్తడి గిన్నె పెట్టి నీళ్లను పరీక్ష చేశానే గానీ ఆ డ్రమ్ములో గుడ్డ ముంచాలని తోచలేదు. అయితే డ్రమ్మా? కానీ పొద్దున వీధి కుళాయి నీళ్లలో డ్రమ్ము లేకుండానే గుడ్డ ఒక పక్క మసకబారింది. అయితే రెండూనా? రెండూ అయితే, అదే లైనులో పక్కింట్లో కూడా డ్రమ్ము ఉంటుంది కదా, వాళ్ల చీర ఎందుకు బంగారంలా ఉంది? వాళ్లు నానబెట్టకుండా ఉతికారా? గోదారి నీళ్లు వచ్చిన రోజున ఉతికారా? నేను ఆలోచిస్తున్న కొద్దీ ఒక్కటీ నిలబడటం లేదు.

అయినా సరే లేచాను. "నేను మళ్లీ వెళ్తానమ్మా. ఈసారి డ్రమ్ములోనే ముంచి చూపిస్తాను" అన్నాను.

అప్పుడు ఆ పిల్ల మొదటిసారి పని ఆపింది.

"వద్దు కాక. దండం పెడ్త. నువ్వు ఇంకోటి చూపియ్యకు. నువ్వు చూపిచ్చినప్పుడల్ల అచ్చి నాకే తగులుతాంది. రేపు డ్రమ్ముల పచ్చగనే ఉంటె ఏమంటరు? గోదారి నీళ్లు నిండి ఉంటె పచ్చగనే ఉంటది గద. అప్పుడు డ్రమ్ము మంచిది, నీళ్లు మంచియి, రంగు మంచిది అని మళ్లొకసారి వాడకట్టంత కూసుంటది."

నేను మళ్లీ కూర్చున్నాను.

"నీ రంగు మంచిదో, వాళ్ల నీళ్లు మంచియో నాకు తెల్వది," అంది. "మీరు మీరు తేల్చుకునేదాంక నడుమ నేను నల్లవడ్డ. చెప్పేటోళ్లు చెప్తె మా అత్త ఇంటది. ఆమె చెడ్డది కాదు. చెప్పేటోళ్లను పంపు. నువ్వు మాత్రం రాకు కాక."

తల్లి లోపలి నుంచి చాయ్ తెచ్చింది. తాగి, చీర మళ్లీ సంచిలో పెట్టుకున్నాను.

కమాన్‌పూర్ నుంచి పెద్దపల్లికి సాయంత్రం బస్సు దొరికింది. స్టేషన్‌లో ఇడ్లీ తిన్నాను, చల్లగా ఉంది. బల్హార్షా వైపు నుంచి వచ్చే ప్యాసింజరు ఆలస్యంగా వచ్చింది. నా పక్కన కూర్చున్న కరీంనగర్ ఉపాధ్యాయుడొకరు ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగితే అంతా చెప్పాను. "ఇంత గొడవెందుకు, పాకెట్టు రంగు వేస్తే పోలా?" అన్నాడు. నిజమే, పాకెట్టు రంగు ఆ నీళ్లకు మారదు. ఇక్కడి ఆడవాళ్లకు అది మేలే. దాని నీళ్లు తాగే మా దిగువ ఊరి బర్రెలకు మేలు కాదు. ఒక పల్లెకు నష్టం లేని రంగు వేస్తే ఇంకో ఊళ్లో ఒక పిల్ల కాపురం చెడుతోంది. ఆ రంగు మానేస్తే మా వాగు చెడుతుంది. దీనికి ఉపాధ్యాయుడి దగ్గర జవాబు ఉంటుందేమోనని చూశాను. ఆయన అప్పటికే దినపత్రిక తెరిచాడు.

గోదావరిఖని గురించి నా అభిప్రాయం రాయమంటే ఏం రాయను? మనుషులు మంచివాళ్లు. ఆ వాడలో చాప వేయని ఇల్లు లేదు. మల్లవ్వ తప్పు చెప్పలేదు, ఓదెలు తప్పు చెప్పలేదు, పిల్ల అసలే చెప్పలేదు. నేను అన్నీ తెలుసుననుకుని వెళ్లి, ఒక్కటీ తెలియకుండా తిరిగి వచ్చాను. నన్ను పట్టించుకోని వాళ్ల మీద కోపం నాకు కొత్త కాదు. కానీ నా మాట పట్టించుకోవడం వల్ల ఒకరికి చెడు జరగడం ఇదే మొదటిసారి. ఈ సంగతి ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు.

ఇప్పుడు నేను అడిగేది ఒక్కటే. ఆ లైనుకు నీళ్లు వదిలే అధికారి ఎవరైనా, నీళ్లను పరీక్ష చేసే చదువు చదివినవారు ఎవరైనా, ఇది చదివితే మల్లవ్వ వాకిలికి వెళ్లండి. కుళాయిలో బాయి నీళ్లు వచ్చే పూట ఏదో మీకు తెలుస్తుంది, నాకు తెలియదు. పసుపు గుడ్డ నేను పంపుతాను. కుళాయి కింద ఒకటి, డ్రమ్ములో ఒకటి ముంచి, పదిమంది ముందు నోరు తెరిచి చెప్పండి. నీళ్లా, డ్రమ్మా, నా రంగా? నా రంగే అయితే అలాగే చెప్పండి, గంగాళం నేనే బోర్లిస్తాను, కార్యదర్శి చెప్పనక్కర్లేదు. ఈ మూడింటిలో ఏదైనా సరే నాకు సమ్మతమే. నాలుగో పేరు మాత్రం అక్కడ మిగలకూడదు.

నా వెనకటి ఉత్తరాలకు జవాబు ఇవ్వకపోయినా ఫరవాలేదు. దీనికి ఇవ్వండి. ఎవరు వెళ్తున్నారు, ఎప్పుడు వెళ్తున్నారు?